సిస్టర్ల హాస్టల్: అద్దె, అన్నం, గేటు టైము, ఇంకొన్ని సంగతులు

రేటింగ్ ముందే చెప్పేస్తాను: ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్క స్టారు గేటుకీ, బాత్రూములకీ కలిపి.

సికింద్రాబాద్ వైపు, మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఉద్యోగినుల హాస్టల్ ఇది. ఒక కథోలిక మఠకన్యల సభ, అంటే సిస్టర్ల సంస్థ, వాళ్లు నడుపుతున్నారు. పేరు రాయడం లేదు. రివ్యూ రాస్తున్నానంటే వార్డెన్ సిస్టరు "రాసుకోమ్మా, మా పేరు మాత్రం వద్దు. జూన్ వస్తే వచ్చే ఫోన్లే ఎత్తలేకపోతున్నాం" అన్నారు. పేరు లేకపోయినా పనికొస్తుందనే రాస్తున్నాను. ఇలాంటి హాస్టళ్లు హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, విశాఖ అన్నిచోట్లా ఉన్నాయి, వాటి పద్ధతులు ఇంచుమించు ఒకటే. మా ల్యాబులో కొత్తగా చేరే ప్రతి అమ్మాయీ అడిగేది కూడా ఒకటే: "సిస్టర్ల హాస్టలంటే జైలంట కదక్కా? మతం మారుస్తారంట కదక్కా? ముక్క పెట్టరంట కదక్కా?"

నేను డయాగ్నస్టిక్ ల్యాబులో మైక్రోబయాలజీ టెక్నీషియన్‌ని. మాది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. అంటే క్రైస్తవురాలినే కానీ ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక్) కాదు. సిస్టర్లు నాకు చిన్నప్పటి నుంచీ ఆసుపత్రిలోనో బడిలోనో దూరంగా కనిపించే తెల్లచీరలు, అంతే. అంతకుముందు అమీర్‌పేటలో ప్రైవేటు పీజీలో ఉండేదాన్ని. అక్కడి నుంచి ఎందుకు పారిపోయానో రాస్తే అది ఇంకో రివ్యూ అవుతుంది.

ముందు లెక్కలు. ఇద్దరుండే గదికి తిండితో కలిపి నెలకి ఎనిమిదిన్నర వేలు. ఒక నెల అడ్వాన్సు. కరెంటు విడిగా, మీటరు చూసి పంచుతారు. ఈ అద్దెకి జీఎస్టీ ఉండదు. నెలకి 20,000 లోపు అద్దె, కనీసం 90 రోజుల బస అయితే హాస్టళ్లకి పన్ను లేదని 2024లో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది కాబట్టి, ఎవరైనా మీ దగ్గర ఆ పేరుతో వసూలు చేస్తుంటే అడగండి. గదిలో ఇనుప మంచం, తాళం పడే బీరువా, టేబులు, కుర్చీ, ఫ్యాను. ఏసీ లేదు. వైఫై భోజనాల హాల్లో బాగుంటుంది, మూడో అంతస్తులో దేవుడి దయ. ఇండక్షన్ స్టవ్ దొరికితే తీసేసుకుంటారు, ఖాళీ చేసేరోజు తిరిగిస్తారు.

బాత్రూములు అంతస్తుకి నాలుగే. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా బకెట్ల వరుస. ఎండాకాలంలో మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు, మిగతాది ట్యాంకరు. ఏప్రిల్‌లో గీజరు తీసేస్తారు, డిసెంబరులో కూడా ఏడింటికే ఆపేస్తారు. నైట్ డ్యూటీ చేసి వచ్చేవాళ్లకి వేడినీళ్లు దొరకవు. ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. సిస్టర్ల బాత్రూముల్లో అసలు గీజర్లే లేవని తర్వాత తెలిసింది. దాంతో నా ఫిర్యాదు బలం తగ్గిందే కానీ నీళ్లు వేడెక్కలేదు.

తిండి బాగుంటుంది. రుచి అద్భుతం అనను. ఉదయం ఇడ్లీ, ఉప్మా, పులిహోర తిరుగుతూ ఉంటాయి. మధ్యాహ్నానికి బాక్సు మనమే సర్దుకోవాలి. రాత్రి పప్పు, కూర, చారు, మజ్జిగ. బుధవారం గుడ్డు, ఆదివారం కోడికూర. శుక్రవారం ముక్క ఉండదు, అది వాళ్ల నియమం. విభూది బుధవారం నుంచి ఈస్టరు దాకా, తపస్సుకాలంలో, ఆదివారం కోడి కూడా పలచబడుతుంది. పక్కగది కరీంనగర్ అమ్మాయి దీనిమీద గట్టిగానే పోట్లాడింది. "మీ ఉపవాసానికి మేమెందుకు సిస్టర్ డబ్బులు కట్టడం?" అంది. న్యాయమైన ప్రశ్న. ఆ నెల మెస్ బిల్లులో కొంత తగ్గించారు.

ఈ వంటలో నాకు నచ్చింది వేరే సంగతి. ఒకటే గిన్నె. సిస్టర్లు ఆరుగురు, మేం యాభై మందికి పైనే. వాళ్ల భోజనాల గది వేరు, కూర మాత్రం మా గిన్నెలోదే. నేను ఉన్న పీజీలో ఓనరు గారింటికి పై నుంచి వేరే క్యారియర్ వచ్చేది, మాకు నీళ్ల సాంబారు. ఇక్కడ సాంబారు నీళ్లగా ఉన్నరోజు పెద్ద సిస్టరు కూడా అదే తాగుతారు. ఎనభై దాటిన మనిషి, ఆవిడకి ఉప్పు తగ్గించి పక్కన తీస్తారు, అంతే తేడా. నా రేటింగులో రెండు స్టార్లు ఈ గిన్నెకే.

గేటు సంగతికి వస్తే, రాత్రి తొమ్మిదికి తాళం. షిఫ్టులున్న వాళ్లకి ఆఫీసు లెటర్‌హెడ్ మీద ఉత్తరం, డ్రాప్ క్యాబ్ వివరాలు, ఇంట్లోవాళ్ల సంతకం కావాలి. నాకు ముప్పై రెండేళ్లు. ఒంగోలులో ఉన్న మా నాన్న, రిటైరైన మనిషి, నా ఉద్యోగానికి నేను వెళ్లొచ్చని సంతకం పెట్టి కొరియర్ చేశారు. వార్డెన్ సిస్టరుతో చాలాసేపు వాదించాను. "నీ మీద నమ్మకం లేక కాదమ్మా, రేపు ఏదన్నా అయితే పోలీసులు అడిగేది నన్ను" అన్నారు. సంతకం మానలేదు. ఇది ఇప్పటికీ నాకు ఒళ్లుమంటే. పెళ్లికాని ఆడవాళ్లు కలిసి, ఎవరి తోడూ లేకుండా, బడీ ఆసుపత్రీ హాస్టలూ నడుపుతున్న చోట ఇంకో పెళ్లికాని ఆడదానికి నాన్న సంతకం అడగడం ఏం న్యాయం?

కానీ షిఫ్టు అయ్యాక పదిన్నరకి క్యాబ్ దిగితే గేటు తీసేది వాచ్‌మన్ కాదు, ఒక సిస్టరు. వంతులవారీగా కూర్చుంటారు. పొద్దున్న పావుతక్కువ ఐదుకి గంట మోగితే లేచేది కూడా ఆవిడే. వాళ్ల దినచర్య గోడమీద రాసి ఉండదు కానీ, నైట్ డ్యూటీ చేసేదాన్ని కాబట్టి నాకు తెలిసిపోయింది. ఐదుంబావుకి కీర్తనలు, తర్వాత అరగంట మాటల్లేని ధ్యానం, ఆరుంబావుకి గుడిలో దివ్యపూజ, ఎనిమిదికల్లా ఎవరి పనికి వాళ్లు. సాయంత్రం మళ్లీ కీర్తనలు, జపమాల, పడుకోబోయే ముందు ఇంకో చిన్న ప్రార్థన. ఆ తర్వాత వాళ్ల వైపు వరండాలో మాటలుండవు. మేం గట్టిగా నవ్వితే మాత్రం ఒక తలుపు తెరుచుకుంటుంది.

మతం మారుస్తారా? నేనుండగా ఎవర్నీ ప్రార్థనకి పిలవడం చూడలేదు. సాయంత్రం ప్రార్థన కథోలిక అమ్మాయిలకి మాత్రమే, వాళ్లలోనూ సగం మంది ఎగ్గొడతారు. మా కరీంనగర్ అమ్మాయి బీరువా తలుపు లోపల వేములవాడ రాజన్న ఫోటో ఉంది. తనిఖీకి వచ్చిన సిస్టరు చూసి, "అగరొత్తులు వెలిగించకు, పరుపు అంటుకుంటుంది" అని మాత్రం అన్నారు. నన్ను చూస్తే వాళ్లకి ఇంకా తమాషా. బైబిలు చదివే పిల్లనని ముచ్చట, మరియమ్మ పాటలు పాడనని చిన్న బెంగ.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ హాస్టల్ నన్ను ఎందుకు ఇంత ఆలోచింపజేసిందో అర్థం కాదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మాకు ఆదివారపు బడిలోనే నేర్పిస్తారు. కరువు నడుస్తున్న రోజులు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ కాలం. ఎక్కువమంది మాదిగలు. అలాంటి చోట పుట్టినవాళ్లకి దేవునికి ప్రతిష్ఠించుకోవడమంటే ఒక పెద్ద రోజు. ఉజ్జీవ కూటం ఆఖరి రాత్రి, కీబోర్డు మెల్లగా మోగుతుంటే, "ఎవరు తమ జీవితాన్ని పూర్తిగా సమర్పించుకుంటారో నిలబడండి" అంటారు. ఇంటర్లో నిలబడ్డాను, డిగ్రీలో నిలబడ్డాను, నాతోపాటు నిలబడ్డ స్నేహితురాలు ఇప్పుడు డల్లాస్‌లో ఉంది, అక్కడి తెలుగు సంఘంలోనూ మొన్న నిలబడిందట. ఆ రాత్రుల్ని తక్కువ చేయను, అవి నిజమే. కాకపోతే మర్నాడు ఉదయం ఏం చేయాలో ఆ స్టేజీ మీద ఎవరూ చెప్పేవాళ్లు కాదు.

ఈ సిస్టర్లకి చెప్పారు. రోమా పత్రికలో పౌలు చెప్పిన సజీవయాగాన్ని తీసుకుని వీళ్లు దానికి టైంటేబులూ, ఖాతా పుస్తకమూ, ట్రాన్స్‌ఫర్ ఆర్డరూ తయారుచేసుకున్నారు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు మాటపట్టులు, అంటే దేవుడికి ఇచ్చే ప్రమాణాలు. చేరిన వెంటనే ఇవ్వరు. ముందు కొన్నాళ్లు అభ్యర్థిగా, తర్వాత నోవిషియేట్‌లో, అంటే మఠంలో శిక్షణలో, కనీసం ఏడాది, ఆ తర్వాత తాత్కాలిక మాటపట్టు కనీసం మూడేళ్లు, అన్నీ కుదిరితేనే నిత్య మాటపట్టు. మధ్యలో ఎప్పుడైనా ఇంటికెళ్లొచ్చు, వెళ్లినవాళ్లున్నారు. మా ఇళ్లలో పెళ్లికి కూడా ఇంత గడువు ఇవ్వరు.

పేదరికం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. ఒక సిస్టరు ఎయిడెడ్ హైస్కూల్లో లెక్కల టీచరు. ప్రభుత్వ జీతం, నా జీతానికి రెండింతలకి పైనే. మొత్తం సభ ఖాతాకి వెళ్తుంది. చెప్పులు తెగితే పెద్ద సిస్టరుని అడిగి డబ్బులు తీసుకుంటారు, మిగిలిన చిల్లర బిల్లుతో సహా తిరిగిస్తారు. నేను చూస్తుండగా ఇరవై రెండు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చారు. ఈ జీతాల మీద పెద్ద కేసే నడిచింది. మాటపట్టు తీసుకున్నవాళ్లు కథోలిక సంఘ చట్టం ప్రకారం లోకానికి చనిపోయినట్టే, జీతం వాళ్లది కాదు సభది, కాబట్టి టీడీఎస్ కోయకూడదని సభలు వాదించాయి. జీతం మనిషి పేరున వస్తోంది కాబట్టి, తర్వాత ఎవరికిచ్చినా సరే, పన్ను కోయాల్సిందేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. దీని గురించి అడిగితే లెక్కల సిస్టరు, "పోనీలే, నేను బతికే ఉన్నానని కోర్టువారు ఒప్పుకున్నారు" అని నవ్వేశారు.

విధేయత మాత్రం కస్టమర్‌గా నాకు నష్టం తెచ్చింది. మొదటి ఏడాది వంటగది చూసిన సిస్టరు ఫిరంగిపురం వైపు మనిషి. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, చింతచిగురు రొయ్యలు... ఆవిడ ఉన్నన్నాళ్లు ఈ హాస్టల్‌కి ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని. మే నెలలో ఒక ఉత్తరం వచ్చింది. వారంలో ఆవిడ ఒక పెట్టె, ఒక చేతిసంచీతో ఛత్తీస్‌గఢ్‌లో ఏదో డిస్పెన్సరీకి వెళ్లిపోయారు. ఆవిడ స్థానంలో వచ్చిన చిన్న సిస్టరుది జార్ఖండ్, ఇంకా తాత్కాలిక మాటపట్టులోనే ఉంది. గోంగూరని పాలకూర వండినట్టు వండింది. నెలన్నర కష్టాలు పడ్డాం. "ఇంత బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తారు సిస్టర్?" అని పెద్ద సిస్టరుని అడిగాను. "బాగా నడుస్తోంది కాబట్టే" అన్నారు. అర్థం కాలేదు. "ఆవిడ లేకపోతే ఇది నడవదు అనుకునే రోజు రాకముందే పంపాలి. ఇది ఆవిడది అయిపోకూడదు కదా." మా దగ్గర పాస్టరు గారు మారాలంటే సగం సంఘం గేటు లోపల, సగం బయట. అందుకే ఆ మాట నాకు కొంచెం గట్టిగానే తగిలింది. అయినా గోంగూర విషయంలో సభ నిర్ణయం తప్పే అంటాను.

ఈ పెద్ద సిస్టరు దగ్గర కూర్చుంటే బోలెడు కబుర్లు. 1904లో హాలెండ్ నుంచి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. (యేసు మరియ యోసేపు సభ) సిస్టర్లు ఈ ఎండల్లో ఎలా బతికారో, ఫిరంగిపురం ఆడపడుచు జ్ఞానమ్మ పెళ్లయి, కొడుకుల్ని కని, భర్త పోయాక ఆడపిల్లలకి బడులు పెట్టి సెయింట్ ఆన్స్ సభలకి ఎలా పునాది వేసిందో, అన్నీ నిన్న జరిగినట్టే చెబుతారు. జ్ఞానమ్మ 1874లోనే పోయింది. విధవరాలు చదువు చెబుతానంటే ఆ రోజుల్లో ఎవరు ఊరుకుంటారు? మా వైపు సిస్టర్లు లేరు కానీ బైబిలు ఉమెన్ ఉండేవాళ్లు. మా నాయనమ్మ వాళ్లమ్మ అదే పని చేసింది. సంచీలో సువార్తలు వేసుకుని, చేలగట్ల మీద ఊరూరూ తిరిగి, ఆడవాళ్లకి అక్షరాలు నేర్పి, పురుళ్లకి తోడు కూర్చునేదట. ఆవిడకి మాటపట్టూ లేదు, మఠమూ లేదు, ముసలితనంలో చూసే సభా లేదు. ఈ మాట చెబితే పెద్ద సిస్టరు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాకు పడిపోతే పట్టుకోవడానికి ఇల్లుంది. ఆవిడకేముంది?" అన్నారు.

నాలాంటివాళ్లకి, అంటే ఉద్యోగం మానకుండా, మఠంలో చేరకుండా, దేవుడికి పూర్తిగా చెందాలనుకునేవాళ్లకి దారి లేదా అని కూడా అడిగాను. వాళ్లలో ఉందట. లౌకిక ఉద్యోగాల్లోనే ఉంటూ మాటపట్టు తీసుకునే సంస్థలకి పోపు పన్నెండవ పయస్ 1947లోనే అనుమతి ఇచ్చారు. ఇంట్లోనే ఉంటూ బిషపు చేతిమీదుగా కన్యగా ప్రతిష్ఠ పొందే పాత పద్ధతిని 1970లో మళ్లీ తెచ్చారు. "నువ్వు బాప్టిస్టువి, నీకు ఇవేవీ కుదరవు" అని కూడా ఆవిడే చెప్పారు. మొహమాటం లేని మనిషి. "నీ ల్యాబులో రిపోర్టు తప్పు రాకుండా చూసుకో, రాత్రి పడుకునే ముందు అరగంట నీ ఫోను పక్కన పెట్టు. ముందు అది చెయ్, తర్వాత మాట్లాడదాం." అరగంట ఫోను పక్కన పెట్టడం బ్లడ్ కల్చర్ ప్లేట్లు చదవడం కన్నా కష్టంగా ఉంది.

వాళ్లు దేవతలని ఎవరూ అనుకోవద్దు. ఒక సిస్టరుకి ఇంకో సిస్టరు దగ్గు పడదు. వార్డెన్ సిస్టరుకి అరిచే అలవాటుంది, అందులోనూ ఇంగ్లీషు బాగా వచ్చిన అమ్మాయిల మీద తక్కువ, ఊళ్ల నుంచి వచ్చిన నర్సింగ్ అమ్మాయిల మీద ఎక్కువ. ఒకసారి మెస్ రిబేటు లెక్క తేడా వచ్చి, ఒక అమ్మాయిని అందరి ముందూ అబద్ధాలకోరు అనేశారు. లెక్క చూస్తే పుస్తకంలో తప్పు సిస్టరుదే. మర్నాడు ఉదయం ఇడ్లీల టైములో, అందరూ కూర్చున్నాక, వార్డెన్ సిస్టరు లోపలికొచ్చి ఆ అమ్మాయి ముందు నిలబడి, "నిన్న నిన్ను అన్నమాట తప్పు. అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే అడుగుతున్నాను, నన్ను క్షమించు" అన్నారు. ఆ అమ్మాయికి ఏం చేయాలో తెలియక ఇంకో ఇడ్లీ వేసుకుంది. నేను పనిచేసిన ఏ ఆఫీసులోనూ పైవాళ్లు ఇలా చేయడం చూడలేదు. తర్వాతి వారం ఆవిడ మళ్లీ అరిచారు, వేరే అమ్మాయి మీద.

ఆధ్యాత్మిక వాతావరణం కోసం ఇక్కడికి వద్దామనుకునేవాళ్లకి ఒక మాట: నిరాశపడతారు. ట్యాంకరు హారను, ప్రెషర్ కుక్కరు, పరీక్ష పేపర్లు దిద్దే సిస్టరు, పంపు రిపేరు వాడితో బేరం, ఇవే ఎక్కువ వినిపిస్తాయి. వాళ్లు అలిసిపోయి ఉంటారు. కొత్తగా చేరేవాళ్లు తగ్గిపోయారని, ముగ్గురి పని ఒకరు చేస్తున్నారని వాళ్లే అంటారు. ఫిబ్రవరి 2న మాత్రం ఇల్లంతా వేరుగా ఉంటుంది. 1997 నుంచి ఆ రోజుని కథోలిక సంఘం దైవాంకిత జీవిత దినంగా జరుపుతోంది. కొవ్వొత్తులు పట్టుకుని గుడికెళ్లి మాటపట్టుల్ని మళ్లీ చెప్పుకుంటారు. మాకు సేమ్యా పాయసం, గేటు అరగంట ఆలస్యం.

ఎవరికి నప్పుతుంది? తొలి ఉద్యోగం, చేతిలో తక్కువ డబ్బు, ఇంట్లోవాళ్లకి భయం ఉన్నవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. నర్సింగ్, ల్యాబు డ్యూటీల వాళ్లకి పరవాలేదు, ఉత్తరాల గొడవ ఒకసారి పడితే చాలు. రాత్రి పన్నెండు దాకా కాల్స్ ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్లకి వద్దు. మీరే కాదు, పక్క మంచం అమ్మాయి కూడా నిద్రపోదు. స్నేహితులతో బయట తిరగడం ఇష్టమున్నవాళ్లు ముందే ఆలోచించుకోండి. విజిటర్లు ఎవరైనా కిందనున్న పార్లరు గది దాకానే, అన్నయ్య అయినా సరే.

చేరాలంటే ఆధారు, ఆఫీసు ఐడీ, రెండు ఫోటోలు, ఊళ్లో తెలిసినవాళ్ల నంబరు చాలు. కథోలికులైతే విచారణ గురువు (వాళ్ల గుడి ఫాదర్) ఉత్తరం అడుగుతారు, మిగతావాళ్లకి అక్కర్లేదు. జూన్‌లో ఖాళీ ఉండదు, మార్చి ఆఖర్లో అడగండి. ఖాళీ చేసేటప్పుడు నెల ముందు కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెప్పిన మా రూమ్మేట్ అడ్వాన్సు మూడు నెలలు తిరిగితే కానీ రాలేదు. ఆ డబ్బు మీద సంతకం పెట్టాల్సిన సిస్టరుకి మధ్యలో ట్రాన్స్‌ఫర్ అయింది. ఫోన్ చేస్తే పన్నెండున్నరలోపు చేయండి. తర్వాత భోజనం, ప్రార్థన, మూడింటి దాకా ఎత్తరు.